మీట నుంచి మాట దాకా

దోహాలో ఏ కంప్యూటర్ దుకాణానికి వెళ్ళినా కీబోర్డు మీద ఒక్కో మీటకు రెండేసి అక్షరాలు కనిపిస్తాయి. ఒకటి ఇంగ్లిష్, రెండోది అరబిక్. ఇంగ్లిష్ 'బి' ఉన్న మీట మీదైతే లామ్, అలిఫ్ అనే రెండు అరబిక్ అక్షరాలు కలిసిన జంట అక్షరం కూడా ఉంటుంది. ఖతార్‌లో ఉంటున్న మనం రోజంతా ఆఫీసులో ఆ మీటలే నొక్కుతాం. సాయంత్రం ఇంటికొచ్చి ఊళ్ళో ఉన్న అమ్మకు మెసేజ్ పెట్టేటప్పుడు మాత్రం తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కూర్చి పంపుతాం. అవతల అమ్మ దాన్ని కూడబలుక్కుని చదువుకుంటుంది. లేదంటే పక్కింటి పిల్లాడిని పిలిచి చదివించుకుంటుంది.

ఇరవై ఏళ్ళకు పైగా సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నాను. జనం వాడే యాప్‌లలో ఏ బటన్ ఎక్కడ ఉండాలి, ఏ ఫారం ఎలా నింపించాలి అన్నది చూడటం నా పనిలో పెద్ద భాగం. ఇన్నేళ్ళలో నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. యంత్రం గడప ఎంత ఎత్తుగా ఉందన్న దాన్ని బట్టే లోపలికి ఎవరు రాగలరన్నది తేలుతుంది. ఈ గడప గత యాభై, అరవై ఏళ్ళుగా తగ్గుతూ వస్తోంది. ఇప్పుడు నోటిమాటతో దాటేంత కిందికి వచ్చింది. మన తెలుగువాళ్ళకు, అందులోనూ గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు, దీని వల్ల వచ్చే మేలేమిటి, జాగ్రత్త పడాల్సిందేమిటి అన్నది కాస్త మాట్లాడుకుందాం.

చెప్పులు విప్పి లోపలికి

నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పదో తరగతి సెలవుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరడం, లోయర్ పాసై హయ్యర్‌కు కట్టడం, ఎడమ చేతి చిటికెన వేలు 'ఎ' మీద పడకపోతే మాస్టారు స్కేలుతో అదిలించడం. తర్వాత కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్. ఏసీ గది కాబట్టి చెప్పులు బయటే విప్పాలి. మౌస్ కదలకపోతే కింది మూత తిప్పి, రబ్బరు బంతి బయటికి తీసి, లోపల పేరుకున్న మట్టిని గోటితో గీకడం మాకు అప్పట్లో తెలిసిన పెద్ద హార్డ్‌వేర్ విద్య.

ఆ మీటల వరస వయసు 150 ఏళ్ళు. అమెరికాలో క్రిస్టఫర్ షోల్స్, ఆయన సహచరులు రూపొందించిన టైపు యంత్రాన్ని రెమింగ్టన్ కంపెనీ 1874లో మార్కెట్‌లోకి తెచ్చింది. ఈనాటి ల్యాప్‌టాప్‌ల మీదున్నది ఇంచుమించు ఆ వరసే. 1890 అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హొలెరిత్ చిల్లులు పొడిచిన అట్టముక్కలు వాడాడు. తర్వాత దశాబ్దాల పాటు కంప్యూటర్‌కు ఏం చెప్పాలన్నా ఆ చిల్లుల కార్డులే దిక్కు. కార్డుల కట్ట ఇచ్చి, జవాబు కోసం గంటలు, ఒక్కోసారి రోజులు ఎదురుచూడాలి.

1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం చెక్కపెట్టెలా ఉన్న మొదటి మౌస్ తయారు చేసింది. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన దాన్ని నలుగురి ముందు చూపించాడు. సామాన్యుడి బల్ల మీదికి అది వచ్చింది 1984లో ఆపిల్ మెకింటాష్‌తోనే అనుకోవచ్చు. ఆజ్ఞలన్నీ బట్టీ పట్టనక్కర్లేకుండా, తెర మీద బొమ్మను చూపిస్తే చాలు, పని జరిగింది. తర్వాత మౌస్ కూడా అడ్డుతప్పుకుంది. 2007లో ఐఫోన్ వచ్చాక వేలితో తాకడమే పద్ధతైంది. చదువురాని మనిషి కూడా ఆకుపచ్చ బొమ్మను తాకితే ఫోన్ కలుస్తుందని నేర్చుకున్నాడు. ప్రతి మెట్టులోనూ మనిషి నేర్చుకోవాల్సింది తగ్గింది, యంత్రం నేర్చుకోవాల్సింది పెరిగింది.

తెలుగు ఎక్కడ ఇరుక్కుంది?

ఈ కథంతా 26 అక్షరాల భాషకు సాఫీగా సాగింది. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు ఉన్న మన లిపి ఆ మీటల్లో ఎలా ఇమడాలి?

దారి లేక కాదు. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లోనే ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికను ప్రమాణంగా ప్రకటించింది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లులు కుడి చేతి వైపు. 'కె' మీట నొక్కితే తెలుగులో క వస్తుంది, హిందీలోనూ కన్నడలోనూ అదే ధ్వని వస్తుంది. ఒకసారి చేయి తిరిగితే ఎన్నో భారతీయ భాషలకు పనికొచ్చే చక్కటి ఏర్పాటు. కానీ మన దుకాణాల్లో కీబోర్డుల మీద ఆ అక్షరాలు అచ్చయి రాలేదు. బడిలో నేర్పలేదు. డీటీపీ ఆపరేటర్లు వాళ్ళ అమరికలతో, వాళ్ళ ఫాంట్లతో పని నడిపారు. ఒక ఫాంట్‌లో కొట్టిన తెలుగు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి.

1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. మన లిపికి 128 గడులు కేటాయించారు. అయినా మామూలు మనిషి కంప్యూటర్‌లో ఆ అక్షరాలు సరిగ్గా కనబడటానికి 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌తో వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఈ మధ్యకాలంలో ఖాళీ నింపింది ప్రవాసులే అన్నది చాలామందికి తెలియదు. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగును తప్పుల్లేకుండా రాసే పద్ధతి ఒకటి ఏర్పరచారు. దాన్నే ఆర్‌టీఎస్ అన్నారు. చిన్న 'ఎల్' కొడితే ల, పెద్ద 'ఎల్' కొడితే ళ. ఆ బాటలోనే తర్వాత లేఖిని వచ్చింది. ఇంగ్లిష్ మీటలు నొక్కుతుంటే కింద తెలుగు అక్షరాలు పుట్టుకొస్తుంటే, తెలుగు టైపు రాని వేలాది మంది మొదటిసారి తెలుగులో రాయగలిగారు.

2018 ఫిబ్రవరిలో జరిగింది కూడా చెప్పుకోవాలి. తెలుగులో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం మెసేజ్‌గా వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలిపోయాయి. ప్రపంచమంతా నవ్వుకుంది. ఆపిల్ కొద్దిరోజుల్లోనే 11.2.6 వెర్షన్‌తో సరిచేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఒక్క భారతదేశంలోనే 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాష మనది. అంతమంది భాషలో మామూలుగా వాడే అక్షరం అంత పేరున్న ఫోన్‌ను పడగొట్టిందంటే, మన లిపిలో ఆ ఫోన్లను ఎంత తక్కువగా పరీక్షించి ఉంటారో ఊహించుకోవచ్చు.

అరబ్బులదీ ఇదే బాధ

ఈ చిక్కు మన ఒక్కళ్ళదే అనుకోకండి. మా ఆఫీసులో అరబ్ కుర్రాళ్ళు చాటింగ్ చేస్తుంటే చూడండి. ఇంగ్లిష్ అక్షరాల మధ్య 3, 7 లాంటి అంకెలు కనిపిస్తాయి. గొంతు లోతు నుంచి పలికే 'ఐన్' అక్షరానికి 3, గట్టి 'హా'కు 7. మర్హబా అని రాయాలంటే మధ్యలో 7 వేస్తారు. ఆకారంలో అవి అరబిక్ అక్షరాలను పోలి ఉంటాయి కాబట్టి అలా కుదిరింది. దీనికి అరబీజీ అని పేరు. మన తెంగ్లిష్‌కు అన్న వరస.

తేడా ఎక్కడుందంటే, వాళ్ళు ఆ భాష కోసం యంత్రాన్ని వంచడానికి గట్టిగా పూనుకున్నారు. 1980ల్లోనే కువైట్‌కు చెందిన వ్యాపారవేత్త మహమ్మద్ అల్ షారిఖ్ సఖ్ర్ పేరుతో అరబిక్ కంప్యూటర్ తెచ్చారు. ఇక్కడ దోహాలో 2010లో మొదలైన ఖతార్ కంప్యూటింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అరబిక్ మాటను అక్షరంగా మార్చే పరిశోధనలో ముందుంది. అల్ జజీరా ప్రసారాల నుంచి తీసిన 1,200 గంటల అరబిక్ మాటలను ప్రపంచ పరిశోధకుల ముందు పెట్టి పోటీ నడిపింది. వార్తలు చదివే భాష వేరు, ఈజిప్ట్ వాడి మాట వేరు, గల్ఫ్ వాడి మాట వేరు. అన్నింటినీ యంత్రానికి వినిపించాల్సిందేనని వాళ్ళు ముందే గుర్తించారు.

కాటూరు నుంచి కార్నెగీ మెలన్

మాట వినే యంత్రం అనగానే మనం గర్వంగా తలచుకోవాల్సిన పేరు ఒకటుంది. దబ్బల రాజగోపాల్ రెడ్డి. ప్రపంచానికి రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ అందుకున్నారు. ఎంచుకున్న అంశం, కంప్యూటర్ చేత మనిషి మాటను గుర్తింపజేయడం. కార్డులకు చిల్లులు పొడిచే కాలంలో ఇది చాలామందికి అసాధ్యంగా కనిపించి ఉంటుంది.

1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ ఆయన బృందం నుంచి హియర్‌సే, హార్పీ లాంటి వ్యవస్థలు వచ్చాయి. 1976 నాటి హార్పీకి తెలిసినవి 1,011 మాటలు. అప్పటికి అదే గొప్ప. ఆయన దగ్గర చదువుకున్న జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు 1982లో డ్రాగన్ సిస్టమ్స్ స్థాపించారు. మరో శిష్యుడు కై-ఫు లీ, ఎవరి గొంతైనా గుర్తుపట్టే స్ఫింక్స్ వ్యవస్థను తయారుచేశారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి రాజ్ రెడ్డి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ శాస్త్రంలో నోబెల్ లాంటిది అది. ఆసియా మూలాలున్న వారిలో దాన్ని అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

ఆ కార్నెగీ మెలన్ 2004 నుంచి మన దోహాలో కూడా ఉంది. మెట్రో గ్రీన్ లైన్‌లో ఎడ్యుకేషన్ సిటీ స్టేషన్‌లో దిగితే ఆ ప్రాంగణానికే చేరతాం. ఫుట్‌బాల్ స్టేడియం చూపించడానికి పిల్లలను అటు తీసుకెళ్ళినప్పుడు కాటూరు కథ కూడా ఒక ముక్క చెప్పండి.

రాజ్ రెడ్డి ఇంకో పని కూడా చేశారు. 2004 ప్రాంతంలో, చదువురాని పేదలు వాడుకోవడానికి వీలుగా టీవీ రిమోట్ లాంటి దానితో నడిచే పీసీటీవీటీ అనే కంప్యూటర్‌ను ముందుకు తెచ్చారు. టీవీ, వీడియో ఫోన్, కంప్యూటర్ అన్నీ ఒక్కదానిలోనే. అది ఇంటింటికీ చేరలేదు గానీ, చదువురాని మనిషికే కంప్యూటర్ ఎక్కువ అవసరం అన్న ఆయన ఆలోచన ఎంత సరైందో ఇక్కడ గల్ఫ్‌లో నాకు కళ్ళ ముందు కనిపిస్తుంది.

వేలిముద్ర నుంచి గొంతు దాకా

మన ఊళ్ళల్లో వేలిముద్రగాడు అంటే తిట్టు. సంతకం రానివాడు అని అర్థం. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లిష్ అధికారి ఒక కాంట్రాక్టర్ చేత ఒప్పందం మీద సంతకానికి బదులు అరచేతి ముద్ర వేయించుకున్నాడు. ఆ ముద్రే తిరిగి తిరిగి ఇప్పుడు ప్రపంచంలో అందరి తాళంచెవి అయింది. ఖతార్‌కు వచ్చే కార్మికుడు హైదరాబాద్‌లోని ఖతార్ వీసా కేంద్రంలో వేళ్ళు ఆనించి వస్తాడు. నేనూ ఆఫీసులోకి వేలు ఆనించే వెళ్తాను. ఆ గాజు పలక ముందు ఎంటెక్‌కూ వేలిముద్రకూ తేడా లేదు.

అసలు తేడా దాని తర్వాత వచ్చే ఫారం దగ్గర మొదలవుతుంది. ఖతార్‌లో ఉన్న భారతీయులు ఏడు లక్షలకు పైనే. నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి, సిరిసిల్ల నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు వాళ్ళలో ఎంతోమంది. ఇక్కడ ప్రభుత్వ సేవలన్నీ ఫోన్‌లోకి వచ్చాయి. అంతర్గత వ్యవహారాల శాఖ వారి మెట్రాష్-2 యాప్ అరబిక్, ఇంగ్లిష్‌లతో పాటు ఉర్దూ, మలయాళం, ఫ్రెంచ్, స్పానిష్‌లలోనూ వచ్చింది. పరాయి దేశపు ప్రభుత్వ యాప్‌లో ఒక దక్షిణాది భాషకు చోటు దక్కడం మలయాళీల సంఖ్యకూ వాళ్ళ ఐకమత్యానికీ నిదర్శనం. ఆ జాబితాలో తెలుగు లేదు.

శుక్రవారం సెలవు రోజున మేము కొందరం ఇండస్ట్రియల్ ఏరియా వైపు వెళ్తుంటాం. ఫారాలు నింపడంలో, ఇంటికి డబ్బు పంపే యాప్‌లు నేర్పడంలో సాయం చేస్తుంటాం. ఒకసారి జగిత్యాల వైపు తమ్ముడు ఒకడు అడిగాడు: "అన్నా, గీ రాసుడు నాతోని కాదు. నేను మాట్లాడుతుంటె ఫోనే రాసుకుంటదా?"

రాసుకుంటుంది. 2017 ఆగస్టులో గూగుల్ తన వాయిస్ టైపింగ్‌లో తెలుగును చేర్చింది. కీబోర్డు మీద మైకు బొమ్మ తాకి మాట్లాడితే తెలుగు అక్షరాలు పడతాయి. దాన్ని ఇంగ్లిష్‌లోకో అరబిక్‌లోకో మార్చి సూపర్‌వైజర్‌కు చూపించవచ్చు. ఆ తమ్ముడు ఆ రోజు తన సెలవు దరఖాస్తు తానే 'మాట్లాడి' రాశాడు. పక్కనున్న వాళ్ళు నలుగురూ ఫోన్లు తీశారు.

అయితే ఇబ్బందులు కూడా అక్కడే చూశాను. ఫోన్‌కు వార్తల తెలుగు తెలిసినంతగా జగిత్యాల తెలుగు తెలియదు. 'పోయిండు', 'వస్తలేదు' అంటే తడబడుతుంది. గల్ఫ్ తెలుగు అసలే తెలియదు. గుర్తింపు కార్డును మనవాళ్ళు 'బతాకా' అంటారు. యజమాని దగ్గర పని వదిలేసి కాగితాలు లేకుండా తిరిగే వాణ్ణి 'ఖల్లివల్లి అయిండు' అంటారు. ఫోన్ దాన్ని 'కల్లు వెళ్ళి' అని రాసింది. అందరం నవ్వాం.

ఇంకోసారి నవ్వు రాలేదు. ఛాతీలో మంటగా ఉందని ఒకాయన క్లినిక్‌లో ఫోన్‌కు చెప్పుకుంటే, తెర మీద ఇంగ్లిష్‌లో నిప్పు అంటుకున్నట్టు వచ్చింది. మనకు మంట అంటే రెండూనూ. ఆయన నాకు ఫోన్ కలిపి ఉండబట్టి నర్సుకు విషయం చెప్పగలిగాను. ఆ సమయంలో నేను మీటింగ్‌లో ఉండి ఎత్తకపోతే ఏమయ్యేదో తెలియదు. నోటిమాటతో తెరుచుకునే తలుపు ఎంత గొప్పదో, ఆ తలుపుకు మన యాస తెలియకపోతే అంత ప్రమాదం.

మన పిల్లల సంగతి

క్యాంపుల్లో ఉన్న తమ్ముళ్ళకు వాయిస్ టైపింగ్ వరం. మరి మన ఇళ్ళల్లో? మా అమ్మాయికి పదమూడేళ్ళు. దోహాలోనే పుట్టింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవలేదు. నిజామాబాద్‌లో ఉన్న నానమ్మకు మైకులో చెప్పి తెలుగులో మెసేజ్ పంపుతుంది. నానమ్మ మురిసిపోయి తెలుగులోనే జవాబు కొట్టి పంపిస్తుంది. మా అమ్మాయి దాన్ని ఫోన్ చేతే చదివించుకుని వింటుంది. ఇద్దరి మధ్యా రోజూ ఉత్తరాలు నడుస్తున్నాయి. తాను పంపిన ఉత్తరం మాత్రం మనవరాలు చదవలేదు.

కిందటి వేసవిలో నానమ్మ ఒక మాట అంది: "బిడ్డా, నా ఉత్తరాల పెట్టె నీకే ఇస్తనే. మీ తాత బొంబాయి నుంచి రాసినవి ఉన్నయి." చేతిరాత ఉత్తరాలు. సిరా పాకిన కాగితాలు. గొలుసుకట్టు రాత. మా అమ్మాయి వాటిని తిరగేసి చూసి, "నాన్నా, వీటిని ఫోన్ చదవగలదా?" అని అడిగింది. కొన్ని మాటలు చదివింది, ఎక్కువ మాటలు చదవలేకపోయింది. ఆ సాయంత్రమే మా ఇంట్లో ఓనమాలు మొదలయ్యాయి. నేను బలవంతపెట్టలేదు. తాతయ్య ఏం రాశాడో తెలుసుకోవాలని తనకే పట్టుదల పుట్టింది.

మైకు ఉంది కదా, లిపి ఎందుకు అని అడిగే పిల్లలకు నా జవాబు ఇదే. మైకు ఈ రోజు మనిషితో మాట్లాడిస్తుంది. మనకు ముందున్నవాళ్ళు రాసిపెట్టినవి మన కళ్ళే చదవాలి. ఫోన్ తప్పు రాసినప్పుడు అది తప్పని పట్టుకోవడానికీ లిపి రావాలి.

ఇక మన చేతిలో ఉన్న పని

మాట వినే యంత్రం ఎవరి మాటలు ఎక్కువ వింటే వాళ్ళ భాష బాగా నేర్చుకుంటుంది. దాని ముందు మనం ఇంగ్లిష్‌లోనే మాట్లాడి, తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాస్తూ పోతే, దానికి నిజామాబాద్ యాస గానీ చిత్తూరు యాస గానీ ఎక్కడి నుంచి తెలుస్తుంది?

చేయగలిగినవి చిన్నవే. ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో తెలుగు కీబోర్డు చేర్చుకోండి. రెండు నిమిషాల పని. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టినా తెలుగు అక్షరాలు పడే వీలు అందులోనే ఉంది. ఊళ్ళో పెద్దవాళ్ళకు పంపే మెసేజ్ తెలుగు లిపిలో పంపండి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి కింద భాషాదాన్ అనే వేదిక ఉంది. అందులో తెలుగు వాక్యాలు చదివి మన గొంతు దానం చేయవచ్చు, ఇతరులు చదివినవి విని సరిచూడవచ్చు. మన యాస అందులో చేరాలంటే మనమే మాట్లాడాలి.

ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఉగాదికి, బతుకమ్మకు, సంక్రాంతికి ఎంతో ఘనంగా కలుస్తున్నాం. ఆ సభల్లో ఒక మూల ఒక బల్ల వేయించండి. చదువుకునే పిల్లలు నలుగురు అక్కడ కూర్చుని, క్యాంపుల నుంచి వచ్చిన అన్నలకు తెలుగు మైకు వాడటం నేర్పుతారు. ఆ అన్నలు పిల్లలకు జగిత్యాల మాటలు, కోనసీమ మాటలు నేర్పుతారు. అలాగే ప్రభుత్వ యాప్‌లలో తెలుగు చేర్చాలని రాయబార కార్యాలయం ద్వారా మర్యాదగా ఒక అర్జీ పెడదాం. మలయాళానికి దక్కింది మనకు దక్కకూడదన్న నియమం ఏదీ లేదు. అడగాలి అంతే.

ఆ అర్జీ తెలుగులో ఒక ప్రతి, ఇంగ్లిష్‌లో ఒక ప్రతి సిద్ధం చేసే పని నాకు అప్పగించండి. తెలుగు ప్రతిని మా అమ్మాయి చేత టైపు చేయిస్తాను. గుణింతాల దాకా వచ్చింది, ఒత్తులు ఇంకా నేర్చుకుంటోంది.